41 ఏళ్ళకి నర్సింగ్ మొదలుపెట్టొచ్చా? ముందు మీ పాత కాగితం చెల్లుతుందో లేదో చూడండి

ప్రశ్న: అక్కా, మాది సఖినేటిపల్లి మండలం. నాకు 41 ఏళ్ళు, బీసీలం. టెన్త్ అయ్యాక ఏఎన్ఎం ట్రైనింగ్ చేశాను, 2003లో పూర్తయింది, ఏడాది తిరక్కుండా పెళ్ళి చేసేశారు, ఇంక ఉద్యోగం మాటే లేదు. మా అత్తగారికి పక్షవాతం వచ్చి మూడేళ్ళు మంచంలోనే ఉన్నారు, ముక్కు గొట్టంలో పాలు పొయ్యడం దగ్గర్నుంచి అన్నీ నేనే చూసుకున్నాను, వీపు మీద ఒక్క పుండు కూడా పడలేదు. సంక్రాంతికి ముందు పోయారావిడ. అమ్మాయి భీమవరంలో బీటెక్, బాబు టెన్త్. ఇప్పుడు నాకు నర్సింగ్ లోకి వెళ్ళాలని గట్టిగా ఉంది. టౌన్లో ఒకాయన ఆరు నెలల నర్సింగ్ కోర్సు చేయించి కువైట్ పంపిస్తాను, నలభై ఐదు వేలు కట్టండి అంటున్నాడు. కట్టమంటారా? లేకపోతే జీఎన్ఎం చెయ్యనా, ఈ వయసులో తీసుకుంటారా? మా తోడికోడలు నలుగురిలో నవ్వుతోంది. మా ఆయన రొయ్యల చెరువుల దగ్గర పనిచేస్తారు, వద్దు అనరు గానీ నైట్ డ్యూటీ మాట ఎత్తితే ముఖం మాడ్చుకుంటారు. ఇంకోటి, యూనిఫాం చీరేనా లేక డ్రస్సా?

జవాబు:

చెల్లెమ్మా, ముందు ఆ నలభై ఐదు వేలు కట్టకండి. ఇప్పటికే అడ్వాన్స్ అంటూ ఏమైనా ఇచ్చుంటే రసీదు దగ్గర పెట్టుకుని రేపే వెళ్ళి వెనక్కి అడగండి. మన దేశంలో నర్సుగా పనిచెయ్యాలంటే చెల్లే చదువులు మూడే ఉన్నాయండి, రెండేళ్ళ ఏఎన్ఎం (ఊళ్ళలో కాన్పులూ టీకాలూ చూసే సహాయక నర్సు చదువు), మూడేళ్ళ జీఎన్ఎం (ఆస్పత్రుల్లో స్టాఫ్ నర్సు అయ్యే డిప్లొమా), నాలుగేళ్ళ బీఎస్సీ నర్సింగ్. మిగతావన్నీ వీటి మీద కట్టే మెట్లే. ఆరు నెలల్లో నర్సుని చేసే కోర్సు అంటూ ఎక్కడా లేదు. ఆయన ఇచ్చే సర్టిఫికెట్ మీద రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఇవ్వదు, ఆ నంబర్ లేకపోతే మీరు ఎంత బాగా ఇంజెక్షన్ చేసినా లెక్కలో నర్సు కాదు, రేపు పొద్దున్న వార్డులో ఏదైనా తేడా జరిగితే మొదట బలయ్యేది కూడా మీరే.

కువైట్ మాట ఇంకా జాగ్రత్తగా వినండి. మన కోనసీమలో గల్ఫ్ వెళ్ళొచ్చిన ఆడవాళ్ళు లేని ఊరు లేదు, మీకు నేను చెప్పేదేముంది. అక్కడ ఆస్పత్రిలో నర్సుగా చేరాలంటే జీఎన్ఎం గానీ బీఎస్సీ గానీ ఉండాలి, ఇక్కడ రిజిస్ట్రేషన్ ఉండాలి, పనిచేసిన అనుభవం కాగితం మీద చూపించాలి, ఆ పైన వాళ్ళు పెట్టే పరీక్ష పాసవ్వాలి. పైగా గల్ఫ్ దేశాలకి నర్సుల్ని పంపే పని 2015 నుంచి ప్రైవేట్ బ్రోకర్ల చేతిలోంచి తీసి ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే జరగాలని కేంద్రం రూల్ పెట్టింది. అలాంటప్పుడు ఆరు నెలల కాగితంతో పంపిస్తాను అనేవాడు ఏ వీసా మీద పంపిస్తాడో ఆలోచించండి, నర్సు అని చెప్పి ఇంటిపని వీసా చేతిలో పెడతాడు, అక్కడ దిగాక మీరు చేసేది వంటా, గిన్నెలూ, ముసలాళ్ళ సేవా. ఆ పని తక్కువదని కాదు నేననేది, ఒక పని చెప్పి ఇంకో పనికి పంపడం మోసం అంటున్నాను. ఎవరైనా విదేశాలకి పంపిస్తామంటే కేంద్ర ప్రభుత్వం వారి ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో వాళ్ళ లైసెన్స్ ఉందో లేదో మీ అమ్మాయి చేత చూపించండి, ఐదు నిమిషాల పని.

ఇప్పుడు వయసు సంగతి. దేశం మొత్తానికీ నర్సింగ్ చదువుల రూళ్ళు పెట్టే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రకారం ఏఎన్ఎంకైనా, జీఎన్ఎంకైనా, బీఎస్సీకైనా చేరడానికి 17 నిండాలి, 35 దాటకూడదు. ఇది విని గుండె జారిపోకండి, ఎందుకంటే జీఎన్ఎం రూల్లోనే ఆ వెంటనే ఇంకో లైను ఉంది, ఇప్పటికే ఏఎన్ఎం అయినవాళ్ళకి వయోపరిమితి లేదు అని. అంటే 2003లో మీరు పూర్తి చేసిన ఆ పద్దెనిమిది నెలల ట్రైనింగ్ (అప్పట్లో ఏఎన్ఎం ఏడాదిన్నరే) ఉంది చూశారూ, ఇరవై ఏళ్ళుగా ట్రంకు పెట్టెలో పడుకున్న ఆ సర్టిఫికెట్, అదే ఇవాళ మీకూ మీ వయసే ఉన్న ఇంకో ఆవిడకీ తేడా. ఆవిడకి ఈ దారి మూసేశారు, మీకు తెరిచే ఉంది. మీ ఉత్తరంలో ఆ ముక్క ఏదో పక్క విషయంలాగా ఒక్క లైన్లో రాసేసి వెళ్ళిపోయారు, నాకు మాత్రం అదే అసలు విషయంలా కనిపించింది.

కానీ ట్రైనింగ్ సర్టిఫికెట్ వేరు, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ వేరు. రూల్లో ఏఎన్ఎం అంటే రాష్ట్ర కౌన్సిల్లో రిజిస్టర్ అయిన ఏఎన్ఎం. మీరు రిజిస్టర్ చేయించుకున్నారో లేదో మీ ఉత్తరంలో లేదు. ఆ రోజుల్లో చాలామందికి నాన్నగారో అన్నయ్యో హైదరాబాద్ వెళ్ళి చేయించుకొచ్చేవాళ్ళు, అమ్మాయికి అది గుర్తు కూడా ఉండదు, కాబట్టి ఒకసారి పుట్టింటికి వెళ్ళి బీరువా అంతా వెతకండి. దొరికితే అది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్ ఇచ్చినది అయి ఉంటుంది, 2014లో రాష్ట్రం విడిపోయాక మనకి వేరే కౌన్సిల్ వచ్చింది, ఆ పాత రిజిస్ట్రేషన్ని ఇక్కడికి తెచ్చుకుని రెన్యువల్ చేయించుకోవాలి. ఇప్పుడు దేశం మొత్తానికీ నర్సులకి ఒక ఆన్‌లైన్ రిజిస్టర్ పెట్టారు, ఆధార్ తో కలిపి ఎన్‌యూఐడీ అని ఒక నంబర్ ఇస్తారు, ఉద్యోగానికి ఎక్కడికెళ్ళినా అదే అడుగుతున్నారు.

ఇక్కడే మన ఆడవాళ్ళకి పెద్ద చిక్కు ఒకటొస్తుంది, పేరు. మీ టెన్త్ సర్టిఫికెట్లోనూ ఏఎన్ఎం సర్టిఫికెట్లోనూ పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది, ఆధార్లో అత్తింటి ఇంటిపేరు ఉంటుంది, ఒక్కోసారి పుట్టినరోజు కూడా ఒకదానిలో జూన్ ఒకటనీ ఇంకోదానిలో జనవరి ఒకటనీ ఉంటుంది. కంప్యూటర్ కి ఇద్దరూ వేరే మనుషులే. అందుకని కౌన్సిల్ కి అప్లై చేసే ముందే కాగితాలన్నీ మంచం మీద పరిచి అక్షరం అక్షరం పోల్చి చూసుకోండి, ఆధార్ ని టెన్త్ సర్టిఫికెట్ ప్రకారం మార్పించుకోవడమే తేలిక, ఎందుకంటే టెన్త్ సర్టిఫికెట్ ని మార్చడం మహా కష్టం. ఆధార్ మారిస్తే బ్యాంకు అకౌంటూ, రేషన్ కార్డూ కూడా సరిచేయించుకోవాలి, కాస్త తిరుగుడు ఉంటుంది, ఓపిక పట్టాలి. రిజిస్ట్రేషనే చేయించలేదని తేలితే మీరు ట్రైనింగ్ అయిన స్కూలు ఇంకా నడుస్తోందా, మీ బ్యాచ్ రికార్డు అక్కడ ఉందా కనుక్కోండి, ఆ తర్వాత కౌన్సిల్ కి వెళ్ళి ఇంత ఆలస్యంగా చెయ్యాలంటే ఏం కావాలో వాళ్ళనే అడగండి, మధ్యలో ఎవరినీ పెట్టుకోకండి.

కాగితం సరైపోయిందనుకుందాం. వెంటనే జీఎన్ఎంలో చేరిపోవాలా? నా అభిప్రాయం అడిగితే వద్దంటాను, ముందు ఏఎన్ఎంగా పనిలో దిగండి. ఎందుకో లెక్క వేసి చెబుతాను.

మన రాష్ట్రంలో ఆరోగ్యశాఖ పోస్టులకి ఈమధ్య వచ్చిన నోటిఫికేషన్లలో ఓసీలకి 42 ఏళ్ళ వరకూ, బీసీ, ఎస్సీ, ఎస్టీలకి 47 వరకూ వయసు ఇస్తున్నారు. మీకు 41. ఏఎన్ఎం పోస్టు పడితే ఇవాళ్టి నుంచే అర్హత ఉంది, ఇంకో ఆరేళ్ళు టైముంది. అదే జీఎన్ఎంలో చేరారనుకోండి, వచ్చే ఏడాది సీటు దొరికి మూడేళ్ళు పూర్తయ్యేసరికి 45 వస్తాయి, స్టాఫ్ నర్సు పోస్టులకి రెండేళ్ళే మిగులుతాయి, ఆ రెండేళ్ళలో నోటిఫికేషన్ పడుతుందో పడదో ఎవరు చెప్పగలరు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. జిల్లాల్లో కాంట్రాక్ట్ మీద తీసుకునేటప్పుడు మామూలుగా రాతపరీక్ష ఉండదు, కోర్సులో వచ్చిన మార్కులకి 75, పాసై ఎన్నేళ్ళయిందో దానికి ఏడాదికొకటి చొప్పున పదికి మించకుండా, ఇదివరకు కాంట్రాక్ట్ సర్వీసు ఉంటే దానికి 15, ఇలా కలిపి మెరిట్ లిస్టు తీస్తారు. మీరు 2003లో పాసయ్యారు కాబట్టి ఆ పది మార్కులూ మీకు పూర్తిగా పడతాయి. ఇరవై ఏళ్ళు వంటింట్లో పోయాయని మీరు బాధపడుతున్నారు గదా, ఆ లిస్టులో మాత్రం ఆ ఏళ్ళు మీ పక్కనే నిలబడతాయి. స్టాఫ్ నర్సు లిస్టులో అయితే జీఎన్ఎం పాసైన ఏడు నుంచి మళ్ళీ ఒకటి నుంచి మొదలు. 2019లో గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు ఏఎన్ఎంలని ఒకేసారి వేలల్లో తీసుకున్నారు, అప్పుడు మీకు ఎవరూ చెప్పలేదే అని నాకు ఇప్పుడు ప్రాణం ఉసూరుమంటోంది.

అందుకని పోస్టు పడేదాకా ఖాళీగా కూర్చోకుండా నరసాపురం, పాలకొల్లు, రాజోలు, అమలాపురం, మీకు ఎటు వీలైతే అటు ఒక ప్రైవేట్ నర్సింగ్ హోంలో చేరండి. జీతం చూసి నీరసపడతారని ముందే చెప్తున్నా, చిన్న నర్సింగ్ హోముల్లో ఏఎన్ఎంకి ఇచ్చేది చాలా తక్కువ. నర్సుల జీతాల మీద సుప్రీంకోర్టు 2016లో చెప్పిన మీదట కేంద్రం కమిటీ వేసింది, 50 పడకల లోపు ప్రైవేట్ ఆస్పత్రిలో కూడా నర్సుకి నెలకి 20,000 తగ్గకూడదు అని ఆ కమిటీ రాసింది, రాసి ఇన్నేళ్ళయినా చాలాచోట్ల అమలు లేదు. ఇది అన్యాయం, మెత్తగా చెప్పడానికి నాకు మనసొప్పదు. అయినా మొదటి ఆరు నెలలు మీరు వెళ్ళేది చెయ్యి తిరగడానికి అనుకోండి, ఆ తర్వాత జీతం అడగడానికి నోరు అదే లేస్తుంది. చేరిన రోజే అపాయింట్‌మెంట్ కాగితం అడగండి, ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరి దగ్గరా వదలకండి, వెరిఫై చేసుకుని ఇచ్చెయ్యమనండి. సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చునే యాజమాన్యాలు ఉన్నాయి.

పని గురించి కొంచెం మాట్లాడాలి. మీ అత్తగారికి మూడేళ్ళలో వీపు మీద ఒక్క పుండు కూడా పడలేదని మీ ఉత్తరంలో రాశారు, అది చదివి నేను కాసేపు ఆగాను. రెండు గంటలకోసారి పక్క మార్చాలి, రాత్రి కూడా, దుప్పటి ముడత లేకుండా లాగాలి, ఒళ్ళు తడి లేకుండా తుడవాలి, ఇవన్నీ తప్పకుండా చేస్తేనే అది సాధ్యం, పెద్ద ఆస్పత్రుల్లో కూడా అందరికీ చేతకాదు. ముక్కు గొట్టంలో పొయ్యబోయే ముందు సిరంజితో లాగి చూసి, తల ఎత్తు పెట్టి, పోశాక అరగంట దాకా పడుకోబెట్టకుండా ఉంచారంటే మీకు ఎవరో బాగా నేర్పారు, మీరూ శ్రద్ధగా పట్టుకున్నారు. ఇది చిన్న విషయం కాదు.

అయితే ఇంట్లో మీకు ఒక్క పేషంటు, అదీ మీ మనిషి. వార్డులో అలా కుదరదండి. నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం మామూలు ఆస్పత్రి వార్డులో ఐదుగురు పేషంట్లకి ఒక నర్సు ఉండాలి, నిజంలో పదిహేనుమంది, ఇరవైమంది కూడా ఒకరి మీదే ఉంటారు. వరికోతలప్పుడు పాము కరిచినవాడొకడు, షుగర్ పడిపోయి చెమటలు కక్కుతున్న పెద్దాయనొకడు, నొప్పులొస్తున్న అమ్మాయి ఒకతి, అందరూ ఒకేసారి సిస్టర్ సిస్టర్ అంటారు. ముందు ఎవరి దగ్గరికి పరిగెత్తాలి అనేది అక్కడ నేర్చుకునే మొదటి చదువు, అది ఇంట్లో రాదు, పుస్తకంలోనూ రాదు.

ఇంకోటి లెక్కలు. మీరు భయపడతారని దాచి పెట్టను. డాక్టరు గారు 500 ఎంఎల్ సెలైన్ ఎనిమిది గంటల్లో పోవాలి అని కేస్ షీట్లో రాసి వెళ్ళిపోతారు. మామూలు సెలైన్ సెట్ లో 20 చుక్కలు ఒక ఎంఎల్. అంటే 500 ని 20 తో గుణిస్తే పదివేల చుక్కలు, ఎనిమిది గంటలంటే 480 నిమిషాలు, భాగిస్తే నిమిషానికి 21 చుక్కలు. గడియారం చూస్తూ చుక్కలు లెక్కపెట్టి గొట్టం మీదుండే చక్రం తిప్పి సరిచెయ్యాలి. పిల్లల సెట్ అయితే 60 చుక్కలు ఒక ఎంఎల్, లెక్క మొత్తం మారిపోతుంది. ఒక గ్రాము మందుని పది ఎంఎల్ లో కలిపితే అర గ్రాముకి ఐదు ఎంఎల్ తియ్యాలి అన్నది ఇప్పుడు చదువుతుంటే తేలిగ్గానే ఉంటుంది, తెల్లవారుజామున మూడింటికి నిద్రకళ్ళతో తేలిక కాదు. మీ బాబు టెన్త్ అన్నారు గదా, రోజూ రాత్రి వాడి పక్కన కూర్చుని ఇలాంటివి ఓ పది చెయ్యండి, వాడు దిద్దుతాడు. మీరు చదివినప్పటికీ ఇప్పటికీ మందులు మారాయి, టీకాల షెడ్యూల్ మారింది, రిజిస్టర్లు పోయి ట్యాబులూ యాప్‌లూ వచ్చాయి, ఏఎన్ఎం సగం పని ఇప్పుడు ఫోన్లో ఎంట్రీలే. ఫోన్లో ఇంగ్లీషులో టైప్ చెయ్యడం మీ అమ్మాయి దగ్గర ఇప్పట్నుంచే నేర్చుకోండి.

ఒంటి సంగతి కూడా. చేరబోయే ముందు మీ బీపీ, షుగర్, రక్తం ఎంతుందో చూపించుకోండి, హెపటైటిస్ బి టీకా మూడు డోసులు వేయించుకోండి, మొదటిది వేసిన నెలకి రెండోది, ఆరు నెలలకి మూడోది, కాబట్టి ఆలస్యం చెయ్యకుండా ఇప్పుడే మొదలెట్టాలి. సూది గుచ్చుకుంటే చాలామంది సిగ్గుపడో భయపడో చెప్పరు, అలా చెయ్యకండి, వెంటనే సబ్బూ నీళ్ళతో కడిగి డ్యూటీ డాక్టరుకి చెప్పండి, హెచ్ఐవీ రాకుండా వేసే మందులు గంటల్లో మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే ఇంక ఉపయోగం ఉండదు. పేషంటుని ఒక్కరే ఎత్తబోకండి, కింద దుప్పటి పట్టుకుని ఇద్దరు కలిసి జరపండి, నలభై దాటాక నడుం పట్టేస్తే మళ్ళీ పాత నడుం రాదు.

నైట్ డ్యూటీ మాట ఎత్తితే మీ ఆయన ముఖం మాడ్చుకుంటారు అన్నారు. చాలా ఆస్పత్రుల్లో పొద్దున ఎనిమిది నుంచి రెండు, రెండు నుంచి రాత్రి ఎనిమిది, ఎనిమిది నుంచి మర్నాడు ఎనిమిది, ఇలా మూడు షిఫ్టులు. నిజం చెప్పాలంటే మీ ఊరు నుంచి వచ్చేవాళ్ళకి నైట్ కంటే సాయంత్రం డ్యూటీయే ఇబ్బంది. నైట్ కి వెలుతురుండగానే పంటు (గోదారి దాటించే పెద్ద పడవ) ఎక్కేసి నరసాపురం వెళ్ళిపోతారు, తెల్లారాక తిరిగొస్తారు. సాయంత్రం డ్యూటీ రాత్రి ఎనిమిదికి అయిపోయినా అప్పజెప్పేసరికి ఎనిమిదిన్నర, రేవు దగ్గరికొచ్చేసరికి ఆఖరి పంటు దొరుకుతుందో లేదో, దొరక్కపోతే పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన చుట్టు తిరిగి రావాలి. వరదలప్పుడైతే పంటు మొత్తానికే ఆపేస్తారు. ఈ సంగతి మీ ఆయనతో కూర్చుని మాట్లాడండి, ఆయన భయం కూడా బహుశా దారి గురించే అయ్యుంటుంది, చెరువుల దగ్గర రాత్రుళ్ళు కాపలా ఉండే మనిషికి రాత్రి పని అంటే ఏంటో ఒకరు చెప్పక్కర్లేదు. ఆస్పత్రి వాళ్ళని కూడా ముందే అడగండి, సాయంత్రం డ్యూటీలు తీసేసి దానికి బదులు నైట్లు ఎక్కువ వేస్తారా అని, చాలామంది ఒప్పుకుంటారు, ఎందుకంటే నైట్ చేసేవాళ్ళే దొరకరు. రాజోలు వైపు దొరికితే ఏరు దాటే పనే ఉండదు, ముందు అక్కడ ప్రయత్నించండి.

ఆరు నెలలో ఏడాదో పనిచేశాక కూడా ఇంకా నేర్చుకోవాలని ఉంటే అప్పుడు జీఎన్ఎంలో చేరండి, మీకు వయసు అడ్డం లేదు గదా, ప్రైవేట్ ఆస్పత్రుల్లో నలభై ఐదేళ్ళ జీఎన్ఎం నర్సుకి పని దొరక్కపోవడం అనేది నేను చూడలేదు. కానీ అది మూడేళ్ళు రోజూ వెళ్ళి చదివే చదువు, ఆఖరి ఆరు నెలలు ఇంటర్న్‌షిప్ కూడా అందులోనే, కరస్పాండెన్స్ జీఎన్ఎం అని ఎవరైనా అంటే అది చెల్లదు. కొన్నిచోట్ల హాస్టల్లోనే ఉండాలంటారు, పెళ్ళయి పిల్లలున్నవాళ్ళకి మినహాయింపు ఇస్తారా లేదా ఫీజు కట్టకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. రిజిస్టర్డ్ ఏఎన్ఎంకి టెన్త్ మీదే జీఎన్ఎం సీటు ఇవ్వొచ్చని రూల్ ఉన్నా కొందరు ఇంటర్ అడుగుతారు, తర్వాత రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బీఎస్సీ చెయ్యాలన్నా ఇంటర్ కావాలి, అందుకని ఈలోగా ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టేయండి, ఉద్యోగం చేసుకుంటూ రాసుకోవచ్చు. 2023లో నర్సింగ్ కి కొత్త చట్టం కూడా వచ్చింది, 1947 నాటి కౌన్సిల్ చట్టం స్థానంలో కమిషన్ పెడుతున్నారు, కాబట్టి నేను చెప్పిన వయసు రూళ్ళన్నీ మీరు చేరే ఏడాది నోటిఫికేషన్లో ఉన్నాయో లేదో మీ కళ్ళతో మీరే చదువుకోండి. క్లాసులో పద్దెనిమిదేళ్ళ పిల్లలు పక్కన కూర్చుంటారు, పాఠం చెప్పే ట్యూటరు మీకంటే పదేళ్ళు చిన్న ఉంటుంది, ఆవిడ్ని మేడమ్ అనాలి, ఆవిడ అరిస్తే పడాలి. దానికి మనసు సిద్ధం చేసుకోండి.

ఈ ఉత్తరంలాంటివే ఇంకొందరు రాశారు, ఏఎన్ఎం లేనివాళ్ళు. వాళ్ళకి రెండు ముక్కలు చెప్తాను. 35 లోపు ఉంటే ఒక్క ఏడు కూడా వృథా చెయ్యకుండా ఈ ఏడే అప్లై చెయ్యండి, పిల్లాడు స్కూల్లో చేరాక చూద్దాం అనుకుంటూ చాలామంది ఆ గీత దాటేస్తున్నారు. 35 దాటితే నర్సు కోర్సు కుదరదు, జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అని హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ సర్టిఫికెట్ ఇచ్చే చిన్న కోర్సు ఉంది, ప్రభుత్వ స్కిల్ సెంటర్లలో ఉచితంగా కూడా చెప్తారు. అది చేస్తే నర్సు అవ్వరు, నర్సుకి సాయంగా పేషంటు స్నానం, తిండి, పక్క, నడిపించడం చూసుకుంటారు. మన డెల్టా ఊళ్ళలో పిల్లలు హైదరాబాద్లోనో అమెరికాలోనో ఉండి, మేడలో ముసలి తల్లిదండ్రులిద్దరే ఉన్న ఇళ్ళు ఎన్నో, అలాంటి చోట తెలిసిన మనిషికి పనికి కొదవ లేదు. సొంత ఊళ్ళోనే చెయ్యాలనుకునేవాళ్ళు ఆశా పోస్టు ఖాళీ ఉందేమో పీహెచ్‌సీలో అడగండి, 25 నుంచి 45 ఏళ్ళ మధ్య పెళ్ళయిన ఆడవాళ్ళని, ఒంటరి ఆడవాళ్ళని తీసుకుంటారు, మన రాష్ట్రంలో 2019 నుంచి నెలకి పదివేలు ఇస్తున్నారు.

చెల్లెమ్మా, మీ తోడికోడలు మాట. బెడ్‌ప్యాన్లు ఎత్తడం చులకనైన పని అని మన దగ్గర చాలామంది లోపల అనుకుంటారు, పైకి నవ్వుతారు. ఆవిడ అత్తగారు కూడా ఆ అత్తగారే గదండి, మూడేళ్ళు ఆ బెడ్‌ప్యాన్ ఎత్తింది మీరు. ఆవిడతో వాదన పెట్టుకోకండి, మీకు ఇప్పుడున్న టైమంతా కాగితాలకే సరిపోతుంది.

యూనిఫాం అడిగారు. సచివాలయాల్లోనూ పీహెచ్‌సీల్లోనూ ఏఎన్ఎంలు ఎక్కువగా చీరతోనే కనిపిస్తారు. ప్రైవేట్ నర్సింగ్ హోముల్లో చుడీదారో, ప్యాంటూ టాపూనో ఇస్తున్నారు, వార్డులో పరుగులకి అదే నయం, కుచ్చిళ్ళు కాళ్ళకి అడ్డం పడవు. చెప్పులు మాత్రం మీ డబ్బుతో మంచివి కొనుక్కోండి, వెనక బెల్టు ఉండి, అడుగు మెత్తగా ఉండి, తడి నేల మీద జారనివి.